సుంకన్నను అడగని మాట

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. నడిమధ్యలో లేచిపోతే మాత్రం నేను ఊరుకోను. ఇది మా అవ్వ నాకు చెప్పింది, వాళ్లవ్వ ఆమెకు చెప్పింది. ఎప్పటి సంగతో ఎవరికీ తెలియదు.

ఒక వాగు. వాగు పొడుగునా మూడు పల్లెలు. మీదిపల్లె, నడిమిపల్లె, కిందిపల్లె. వానొస్తే వాగు పొంగేది, వాన పోతే ఎండేది. నీళ్లు నిలబెట్టుకోవాలంటే కట్ట కట్టాల. ఏ పల్లె కట్ట ఆ పల్లెవాళ్లే కట్టుకున్నారు. మూడూ పల్చటి కట్టలు. పెద్ద వానకు మీది కట్ట తెగింది. ఆ నీళ్లొచ్చి నడిమి కట్టను కొట్టినాయి. ఆ నీళ్లూ ఈ నీళ్లూ కలిసి కింది కట్టను ఊడ్చుకుపోయినాయి. ఒక ఏడు ఇట్లే అయింది. రెండో ఏడూ ఇట్లే. మూడో ఏడూ ఇట్లే. బుద్ధున్నోళ్లయితే మొదటి ఏడే కలిసుందురు. వీళ్లకు మూడేళ్లు పట్టింది!

గాదెల్లో జొన్నలు అడుగంటినాక పెద్దలు కూర్చున్నారు. ఒకే కట్ట, గట్టి కట్ట, అందరూ కలిసి కట్టాల. ఈసారీ పోతే బిడ్డల్ని చంకనేసుకుని దేశాలు పట్టుకుని పోవాల్సిందే. సరే, పని చేయించేది ఎవరు?

"మా పల్లె మనిషి" అన్నాడు మీదిపల్లె ఓబులేసు.

"నీ మనుషుల కింద చేయడానికి మాకేం ఖర్మ?" అంది నడిమిపల్లె మారెక్క.

"మీ ఇద్దరి కిందా మేం చేయం" అన్నాడు కిందిపల్లె తిక్కయ్య.

పొద్దు వాలిందాకా ఇదే రగడ. చివరికి మారెక్కే అంది. "ఎవరికీ కానోడు ఒకడుండాడు కదా. ఆ సుంకన్నను పెడదాం."

సుంకన్న చేలకు కావలి కాసేవాడు. ఏదో కరువులో బాటన పోయేవాళ్లు వదిలేసిపోయిన బిడ్డ. అమ్మ ఎవరో తెలియదు, అయ్య ఎవరో తెలియదు. మూడు పల్లెల చేలకూ వాడే కావలి. మంచె మీద ఉండేవాడు, మంచె కిందే గంజి కాచుకునేవాడు. పిట్టల్ని తోలడానికి "హోయ్" అని అరవడం తప్ప, ఒక్కోసారి దినమంతా నోట మాట ఉండేది కాదు.

వాడికి ఒకటే ఆశ. పదిమందితో పాటు వరసలో కూర్చుని, ఎవరో ఒకరు "ఇంకొంచెం పెట్టుకో సుంకన్నా" అంటుంటే కడుపు నిండా తినాల. అంతే. అంతకు మించి ఏ దేవుణ్నీ ఏమీ అడగలేదు పాపం. ఎవరింట్లోనన్నా పెళ్లయితే వాడి వంతు ఆకులో కట్టి గట్టు మీద పెట్టిపోయేవాళ్లు. వరసలోకి రమ్మని ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ముగ్గురు పెద్దలూ మంచె కిందికి వచ్చేసరికి వాడు బెదిరిపోయాడు. "నేను పిట్టల్ని తోలేవాణ్ని. నాకేం తెలుసన్నా?"

"నువ్వు ఎవరివాడివీ కాదు. అదే కావాల మాకు" అన్నాడు ఓబులేసు.

ఆ మాట వాడికి గుండెలో ముల్లు మాదిరి దిగింది. కానీ మనుషులు పిలిచినారు కదా! దిగివచ్చాడు.

మొదటి దినం పని కాగానే ఓబులేసు వాణ్ని ఇంటికి తీసుకుపోయి వేడి సంగటి, పప్పు పెట్టించాడు. వరసలో కూర్చోబెట్టాడు. ఓబులేసు పెండ్లాం "ఇంకొంచెం పెట్టుకో సుంకన్నా" అంది. వాడికి కళ్లనీళ్లు తిరిగినాయి.

తెల్లారి చూస్తే వాగు దగ్గర మీదిపల్లెవాళ్లు తప్ప ఎవరూ లేరు. సుంకన్న ఉరుక్కుంటా నడిమిపల్లెకు పోయాడు.

"వాళ్ల సంగటి తిన్న్యావు. ఇంక తూము వాళ్ల దిక్కే పెడతావు" అంది మారెక్క. కిందిపల్లెలో తిక్కయ్య మొగం తిప్పుకున్నాడు.

అప్పుడు సుంకన్న ఏం చేశాడో తెలుసా? మూడు పల్లెల నడుమ నిలబడి చెప్పాడు. "ఆఖరి రాయి పడిందాకా నేను ఎవరింట్లోనూ తినను. ఎవరి చేతి ముద్దా ముట్టను. నా గంజి నేనే కాచుకుంటా. పనికి రాండి." అంతవరకూ వాడికి దొరికిన సుఖం ఆ ఒక్క పూట తిండే. దాన్ని వాడే వద్దన్నాడు.

జనం వచ్చారు. ప్రతి పొద్దునా పలుగు పట్టకముందే సుంకన్న అందర్నీ గుండ్రంగా నిలబెట్టి మూడు మాటలు అడిగేవాడు.

"నిన్న ఏం చేస్తిమి? ఈపొద్దు ఏం చేయాల? ఎవరికి ఏం అడ్డముంది?"

మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒక ముసలామె మాత్రం గొణిగింది. "నా తట్టకు అడుగు ఊడింది నాయనా." సుంకన్న పోయి తన తట్ట తెచ్చిచ్చాడు. మరుసటి దినం ఒకడు "రాళ్లు దొర్లించే బాట ఎగుడుదిగుడుగా ఉంది" అన్నాడు. ముందు బాట సాపు చేసినారు. ఆ తర్వాత చూడాల, ఒకరి వెనక ఒకరు చెప్పడమే!

మూడు పల్లెల్నీ కలగలిపేశాడు. ఈ పల్లెవాడు రాయి పగలగొడితే ఆ పల్లెవాడు మోయాల, ఇంకో పల్లె ఆడమనిషి సందుల్లో బంకమన్ను మెత్తాల. కట్టలో ఏ ముక్క ఎవరిదో చెప్పడానికి లేకుండా చేశాడు. ఒకసారి మన్ను ఆరకముందే రాళ్లు ఎక్కించినారు, కట్ట ఒక పక్క జారింది. "నీవల్లే", "నీవల్లే" అని కొట్లాటకు దిగినారు. సుంకన్న అడ్డం పడి "తొందరపెట్టింది నేను. తప్పు నాది. మళ్లీ కడదాం" అన్నాడు. ఎవరైనా వచ్చి కట్ట బాగుందంటే మాత్రం "నాదేముంది, వాళ్లను అడుగు" అనేవాడు.

మధ్యాన్నం అందరూ సద్దిమూటలు విప్పేవాళ్లు. రానురాను ఒక పల్లె ఊరగాయ ఇంకో పల్లె ముద్దలోకి పోయేది. నవ్వులు, ఎకసెక్కాలు. సుంకన్న దూరంగా బండ మీద కూర్చుని, అటు తిరిగి గంజి తాగేవాడు. తనను చూస్తే వాళ్లకు ముద్ద దిగదేమోనని. మంచె మీద ఉన్నప్పుడు మనుషులు లేక ఒంటరి. ఇప్పుడు ఇంతమందిని ఒకటి చేసి, వాళ్ల నవ్వులు వింటా ఒంటరి. ఇదే ఎక్కువ నొప్పిగా ఉంది వాడికి.

సుంకన్న దగ్గర గింజలు అయిపోయినాయి. కావలి మానుకుంటే గింజలు ఎవరిస్తారు? మీదిపల్లెవాళ్లు నడిమిపల్లె ఇస్తోందనుకున్నారు. నడిమిపల్లెవాళ్లు కిందిపల్లె ఇస్తోందనుకున్నారు. కిందిపల్లెవాళ్లు మీదిపల్లె చాటుగా పెడుతోందనుకున్నారు. గంజి నీళ్లయింది. ఒళ్లు కాలిపోతున్నా వాడు పొద్దున్నే వచ్చి నిలబడేవాడు. "ఎవరికి ఏం అడ్డముంది?" అందరూ ఎవరిది వాళ్లు చెప్పుకునేవాళ్లు. వాణ్ని తిరిగి అడగాలని ఒక్కరికీ తోచలేదు.

ఆఖరి రాయి పడింది. ఆ వెంటనే వాన. వాగు ఎర్రగా ఉరుక్కుంటా వచ్చి కట్టను గుద్దింది. కట్ట కదల్లేదు. జనం అరిచినారు, ఎగిరినారు, ఒకర్నొకరు వాటేసుకున్నారు. మూడు పల్లెల్లోనూ పొయ్యిలు వెలిగినాయి.

వాన వెలిసినాక సుంకన్న మంచె దగ్గరికి పోయాడు. పంచె ఉతికి ఆరేసుకున్నాడు. నెత్తికి నీళ్లు పోసుకున్నాడు. ఆరిన పంచె కట్టుకుని బాట దిక్కు చూస్తా కూర్చున్నాడు. ఇంక ఎవరింట్లో తిన్నా ఎవరూ ఏమీ అనరు. ఇప్పుడు పిలుస్తారు.

అక్కడేమో కొట్లాట!

"మొదటి ముద్ద మా ఇంట్లో తినాల" అన్నాడు ఓబులేసు.

"నువ్వొకసారి పెట్టినావు కదా, ఈసారి మా ఇంట్లో" అంది మారెక్క.

"మేం అసలు పెట్టనే లేదే, మా ఇంట్లో" అన్నాడు తిక్కయ్య.

ప్రేమతోనే కొట్లాడుకున్నారు, కాదన్ను. కానీ కూర చల్లారిందాకా కొట్లాడుకున్నారు. చివరికి ముగ్గురూ కలిసే పిలుద్దామని బయలుదేరినారు. పోయేసరికి సుంకన్న మంచె గుంజకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. మొగం బాట దిక్కే ఉంది. ప్రాణం లేదు. ఓబులేసు కుండ మూత తీసి చూశాడు. లోపల ఒట్టి నీళ్లు.

"ఇన్ని దినాలు వాడు మనల్ని అడిగినాడే" అని నేల మీద కూలబడింది మారెక్క. "మనం వాణ్ని ఒక్కపూట అడిగినామా?" ఇంటికి చావొచ్చినట్టు మూడు పల్లెలూ ఏడ్చినాయి. ఏడిస్తే వస్తాడా?

ఇప్పటికీ ఆ దిక్కు పదిమంది కలిసి ఏ పని మొదలుపెట్టినా, బావి పూడిక తీసినా, జాతరకు పందిరి వేసినా, పని చేయించేవాడు పొద్దున్నే మూడు మాటలు అడుగుతాడు. నిన్న ఏం చేస్తిమి, ఈపొద్దు ఏం చేయాల, ఎవరికి ఏం అడ్డముంది. అవి సుంకన్న మాటలు. తర్వాత పనివాళ్లంతా కలిసి ఆ పని చేయించేవాణ్ని ఇంకో మాట అడుగుతారు.

"నువ్వు తిన్న్యావా?"

"ఆ, తిన్నాలే" అంటే ఒప్పుకోరు. ఏం తిన్నాడో, ఎవరితో కూర్చుని తిన్నాడో చెప్పాల. చెప్పిందాకా అక్కడ ఎవరూ తట్ట ఎత్తరు.