కాలువ వెడల్పు

ఆ రోజు దస్తగిరికి కాలు నేల మీద నిలవలేదు. ఎన్నాళ్ళుగానో తెగని తగవును తను తెంపాడు. అంతకుముందు ఆఫీసర్లు వచ్చి చూసి వెళ్ళారు, పెద్దమనుషులు కూర్చుని లేచారు. ఎవరి వల్లా కాని పని తన వల్ల అయింది.

తగవు ఇసుక దిబ్బ గురించి. సముద్రానికీ చేపలపల్లెకీ మధ్య తాటిచెట్టంత ఎత్తున అడ్డంగా పడుకుని ఉంటుంది ఆ దిబ్బ. ఒళ్ళంతా రావణాసురుడి మీసాల గడ్డి. నెత్తిన ఒక పాత దర్గా. ఆ దర్గాను కనిపెట్టుకుని జలాల్ బాబా, జలాల్ బాబాను కనిపెట్టుకుని దస్తగిరి. దర్గా ఊడ్చేదీ, దీపం పెట్టేదీ, ఎవరైనా పోతే గోరీ తవ్వేదీ అతనే.

పల్లెకు అవతల పరంధామయ్య గారి రొయ్యల చెరువులున్నాయి. ఆయన చెడ్డవాడేం కాదు. పల్లెలో సగం మంది ఆయన చెరువుల మీదే కూలి చేసుకుంటారు. కానీ రొయ్యకు ఉప్పునీళ్ళు కావాలి. దిబ్బను కోసి, పల్లె పక్కనుంచి కాలువ తీస్తే సముద్రమే చెరువుల్లోకి నడిచి వస్తుందని ఆయన ఆశ. ఆ ఉప్పు ఇసుకలో తవ్వుకున్న మా దొరువుల్లోకి దిగితే తాగే నీళ్ళూ పోతాయి, వంగతోటలూ పోతాయని రైతులు మొత్తుకున్నారు. మాకేంటి లాభమని జాలర్లు ఎదురు తిరిగారు.

దస్తగిరి అందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టాడు. కాలువ కాలువే, దాని గోడలకు సిమెంటు. రైతులకు ఒక బోరు, మోటారు. జాలర్ల పడవలు దిబ్బ చుట్టూ మోసుకుపోయే పని లేకుండా కాలువలోంచి గుమ్మం దాకా వస్తాయి. దర్గాకు తాటాకు తీసేసి స్లాబు. ఎవరికి వాళ్ళు బాగానే ఉందన్నారు. పల్లె పెద్ద పోలయ్య కూడా గడ్డం గోక్కుని సరేనన్నాడు.

సరే అననిది ఒక్క ఖాసింబీ. దస్తగిరి అక్క. తల్లి పోయాక అతన్ని చంకన వేసుకుని, ఎండుచేపలు అమ్మి పెంచింది ఆమే. ఆ పల్లెలోనే, దిబ్బ నీడలోనే ఉంటుంది.

"ఉత్తరాన ఇంకో పల్లె ఉండేదంట గదా తమ్ముడా. బండ్ల బాట కోసం దిబ్బ తవ్వుకున్నారంట. ఉప్పెన ఆ బాటెంబడే వచ్చిందంట."

"ఎప్పటి మాటలక్కా అవి! ఇప్పుడు తుపాను వస్తుందంటే ముందే సెల్లుకు చెప్తారు" అని నవ్వేశాడు దస్తగిరి.

ఇక మిగిలింది బాబా. ఆ దిబ్బ దర్గాది. దొరువు తీయాలన్నా, గోరీ తవ్వాలన్నా మొదటి పార ఆయన చేత్తో పడాలి. అది అక్కడి ఆనవాయితీ. ఎంత డబ్బున్న వాడైనా దాన్ని దాటి పార ముట్టుకున్నది లేదు.

సాయంత్రం బాబా గడప దగ్గర కూర్చుని తాటాకులు సర్దుకుంటున్నాడు. దస్తగిరి ఎదురుగా చేరి, తను చేసిన రాజీ అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ తనకు తనే ముచ్చటపడ్డాడు.

"అందరికీ వాటా వచ్చింది బాబా. ఒక్కడు కూడా మొహం మాడ్చుకుని లేవలా."

"అందరికీనా?"

"అందరికీ."

బాబా ఒక ఆకు అంచు చీల్చాడు. "అలివి వల లాగినాక పల్లెలో వాటాలు ఎట్టా వేస్తారు?"

తెలిసిన సంగతి ఎందుకు అడుగుతున్నాడో దస్తగిరికి అంతుబట్టలేదు. "లాగినోళ్ళకు తలా ఒకటి. పడవకొకటి, వలకొకటి."

"వల తింటుందా?"

"తినదు గానీ, చిరిగితే బాగు చెయ్యాల గదా బాబా. అది లేకపోతే చేపలు యాడివి?"

"మరి దిబ్బకేం పెట్టావు?"

దస్తగిరికి నవ్వొచ్చింది. పెద్దాయన తిరకాసు పెడుతున్నాడనుకున్నాడు. "పంచుకునేది దిబ్బనే గదా బాబా."

బాబా ఆకుల కట్ట పక్కన పెట్టి లేచాడు.

"పొద్దున్నే పార పదును పెట్టి ఉంచు."

ఒప్పుకున్నట్టే అనుకుని దస్తగిరి ఆ పూటే పరుగెత్తి పరంధామయ్య గారికి కబురందించాడు.

తెల్లవారి దిబ్బ మీద తిరునాళ్ళే. పరంధామయ్య గారు పూలదండతో, కొబ్బరికాయలతో వచ్చారు. కింద పొక్లెయిన్ సిద్ధంగా నిలబడి ఉంది. సముద్రం వైపు నుంచి పల్లె వైపుకు ముగ్గుపిండితో రెండు గీతలు గీశారు. ఆ రెంటి నడుమ కాలువ. జాలర్లు వచ్చారు, రైతులు వచ్చారు. ఖాసింబీ ఆడవాళ్ళ వెనకాల చేపలబుట్ట చంకన పెట్టుకుని నిలబడింది.

బాబా మెడలో దండ పడింది. ఆయన దాన్ని తీసి దర్గా గడప మీద పెట్టి వచ్చాడు. పార అందుకున్నాడు. గీతల మధ్యకు నడిచి, పార మొనతో ఇసుకలో ఒక గీత లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దస్తగిరి కూడా రెండు చప్పట్లు కొట్టాడు. మూడోదానికి చేతులు కలవలేదు.

ఆ గీత తూర్పు పడమరలుగా లేదు. కాలువకు అడ్డంగా ఉంది. తల ఉత్తరానికి, కాళ్ళు దక్షిణానికి. ఆ కొలత, ఆ వాటం అతనికి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. ఎందరికి తవ్వాడు!

"బాబా గారూ, కాలువ ఇటండీ" అన్నారు పరంధామయ్య గారు నవ్వుతూ. "మీరు అడ్డంగా తవ్వుతున్నారు."

బాబా తలెత్తలేదు. పైన పొడి ఇసుక జారుతుంటే పక్కకు తోసి, కింది తడి ఇసుక తగిలేదాకా తవ్వాడు. ముసలి ఒళ్ళు. చొక్కా చెమటకు అంటుకుపోయింది. సాయం చేయబోయిన వాళ్ళను చేత్తో ఆపాడు. గుంట నడుము లోతు దిగేసరికి ముందు వరసలో ఎవరో "అది గోరీ" అన్నారు. ఆ మాట వెనక వరసకు పాకింది. సముద్రం హోరు ఒక్కటే మిగిలింది.

బాబా పైకి వచ్చి పారకు ఆనుకుని నిలబడ్డాడు.

"దస్తగిరీ, కొలత పుల్ల తే. మీ అక్కను కొలువు."

దస్తగిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. గోరీకి కొలత ఎప్పుడు తీస్తారో అందరికీ తెలుసు.

"బాబా... బతికున్న మనిషిని..."

"బతికే ఉంది. నిలబడి ఉంది. కొలవడం తేలిక. ఉత్తరపు పల్లెలో నేను కొలిచిన పొద్దు ఒక్కరూ నిలబడి లేరు."

ఆ సంగతి ఆయన నోట దస్తగిరి వినడం అదే మొదలు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి, ఆయన వండిన గంజి తాగి, ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పరంధామయ్య గారి మొహం కందగడ్డ అయింది. "ఇదేం చోద్యమండీ! అందరూ ఒప్పుకున్నదే గదా. మీ శిష్యుడే గదా నాకు మాటిచ్చింది. పైనుంచి కాగితాలన్నీ తెచ్చుకున్నా. మీరు గుంట తవ్వితే నేను ఆగిపోతానా? గోరీ అంటే లోపల మనిషుండాలి. అది వట్టి గుంట!"

"అవును. మనిషి లేడు" అన్నాడు బాబా.

పార దస్తగిరి చేతిలో పెట్టాడు. గుంటలోకి దిగాడు. తలపాగా విప్పి తల కింద పెట్టుకుని, కుడి పక్కకు తిరిగి, మొహం పడమటికి పెట్టి పడుకున్నాడు.

"ఇప్పుడున్నాడు. పిలువు మీ మిషన్ని."

పొక్లెయిన్ డ్రైవరు తాళం చేతిలో పట్టుకుని దిబ్బ సగం ఎక్కి, గుంటలోకి ఒకసారి తొంగిచూశాడు. చెప్పులు విడిచి చేతబట్టుకుని వచ్చిన దారినే దిగిపోయాడు.

"రేయ్ దస్తగిరీ!" పరంధామయ్య గారి గొంతు పగిలింది. "మాటిచ్చింది నువ్వు. అందరి ముందరా ఇచ్చావు. ఏమంటావిప్పుడు?"

అందరి చూపూ అతని మీద పడింది. రాజీ చేసిన మొనగాడు అతనే గదా మరి. నిన్నటిదాకా ఎదురొచ్చి పలకరించిన వాళ్ళంతా ఇప్పుడు ఏం చెబుతాడా అని చూస్తున్నారు. దస్తగిరి చేతిలో పార బరువుగా ఉంది.

ఖాసింబీ బుట్ట కింద పెట్టింది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. పైట నెత్తి మీదికి లాక్కుని, తమ్ముడి ఎదురుగా నిటారుగా నిలబడింది.

"కొలువు తమ్ముడా."

"అక్కా, వద్దు."

"కొలువు. నేనుండేది ఆ కింద. నీ కాలువ పక్కన."

దస్తగిరి దర్గా చూరులోంచి వెదురు పుల్ల తెచ్చాడు. అక్క మడమ దగ్గర ఒక కొస ఆనించాడు. చిన్నప్పుడు ఆ పాదాల మీదే నిలబడి నడక నేర్చుకున్నాడు. పుల్లను నడినెత్తి దాకా జరిపి, గోటితో నొక్కి గుర్తు పెట్టాడు. కళ్ళలో నీళ్ళు నిండి గుర్తు కనిపించలేదు. మళ్ళీ పెట్టాడు.

బాబా పడుకున్న గుంట పక్కన, రెండు ముగ్గు గీతల మధ్యనే, ఆ కొలతకు ఇసుక మీద దస్తగిరి గీత లాగాడు. పార ఎత్తి తవ్వడం మొదలుపెట్టాడు.

"నేను మాట తప్పాను పరంధామయ్య గారూ" అన్నాడు తవ్వుతూనే. "ఊరంతటికీ తెలిసేట్టు తప్పాను. ఎవరికైనా చెప్పుకోండి."

పోలయ్య గడ్డం గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి, గోచీ బిగించుకుని వచ్చి, అక్క నిలబడ్డ చోటే నిలబడ్డాడు. "నేను కాస్త పొడుగు. చూసి కొలువబ్బయా" అన్నాడు. అతని వెనక ఒక వంగతోట రైతు వచ్చి నిలబడ్డాడు. ఆ వెనక ఇంకెవరో నిలబడ్డారు. నిన్న చాప మీద పక్కపక్కన కూర్చుని వాటాలు పంచుకున్న వాళ్ళే వాళ్ళంతా.

పరంధామయ్య గారు ఆ వరసను చివరిదాకా చూశారు. చేతిలోని కొబ్బరికాయ ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

"ఇంకా ఎన్ని తవ్వుతావురా?" అన్నారు చివరికి.

దస్తగిరి పార ఆపి గుంట వైపు చూశాడు. బాబా కళ్ళు తెరవలేదు. పడుకున్నచోటి నుంచే మాట వచ్చింది.

"కాలువ ఎంత వెడల్పు కావాలో ఆయన్నే చెప్పమను. దాన్నిబట్టి గోరీలు తవ్వుదాం."