జలాశయం నడుం చుట్టూ ఎర్రమట్టి పట్టీ

ఒకప్పుడు అసిరమ్మ అనే అరవయ్యేళ్ల మనిషి ఉండేది. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఆమె ఊరు ఆనకట్టకు దిగువన, ఏటి ఒడ్డున ఉండేది.

ఆ రోజుల్లో జలాశయం అంచు ఇప్పటిలా బోడిగా ఉండేది కాదు. నీళ్లను తాకుతూ పచ్చగడ్డి పెరిగేది. ఎందుకంటే జలాశయంగారు అంగుళం కూడా తగ్గేవారు కాదు. వరద వస్తే పట్టి ఉంచమని ఆనకట్ట కట్టి ఆయన్ని పుట్టించారు. ఆ సంగతే మరిచిపోయి, మెడదాకా నిండి, పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ కూర్చునేవారు.

వానలు దగ్గరపడ్డాయి. కొండ మీది మబ్బు కేకేసింది. "అయ్యా, నేనింక ఆగలేను. కాస్త చోటు చేసుకో!"

"ఖాళీగా కనిపిస్తే నా పరువేం కావాలి?" అన్నారు జలాశయంగారు.

అది విని అసిరమ్మ కుచ్చెళ్లు ఎగదోపి గట్టెక్కింది.

"ఓరి పెద్దమనిసీ! ఇప్పుడే నిండుగా కూకుంటే, రేపొచ్చే వరదనెక్కడ పెడతావు? మా ఇళ్లల్లోనా?"

"ఆడదానివి. నీళ్ల సంగతి నీకేం తెలుసు?"

"పుట్టిన కాడ్నించి బిందెలు మోస్తన్నది నేనా, నువ్వా?"

జలాశయంగారు మొహం తిప్పుకున్నారు. అసిరమ్మ ఆనకట్ట గేట్లకేసి చూసింది. "ఏమర్రా అమ్మాయిలూ, తెరుచుకోరేటి?"

"ఆయనగారు ఒప్పుకోవాలి కదా, పెద్దమ్మా," అని గొణిగాయి గేట్లు.

"ఆయన బరువు మోసేది మీరు. ఒప్పుకోడానికి ఆయనెవరే?"

గేట్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. చివరి గేటు ముందుగా కిర్రుమంది. తర్వాత అన్నీ లేచాయి. నీళ్లు నురగలు కక్కుకుంటూ ఏట్లోకి పోయాయి. ఒంటి మీది ఎర్రమట్టి బయటపడేసరికి జలాశయంగారు, పంచె జారిన పెద్దమనిషిలా, "మూయండి, మూయండి!" అని గోల పెట్టారు. ఎవరూ మూయలేదు.

మర్నాడు మబ్బు కుమ్మరించింది. వరదంతా ఆ ఖాళీలో పట్టేసింది. ఊరు మిగిలింది.

ఇక ఏటా ఇదే తంతు. వానలకు ముందు గేట్లు ఆయన్ని దించుతాయి, వానలు పడితే ఆయన మళ్లీ ఉబ్బుతారు. గడ్డికి విసుగొచ్చింది. "ఆర్నెల్లు ముంచుతావు, ఆర్నెల్లు మాడుస్తావు. నీతో కాపురం నావల్ల కాదు," అని పైగట్టుకు లేచిపోయింది.

అప్పటినుంచే, నీళ్లు తగ్గినప్పుడల్లా జలాశయం నడుం చుట్టూ గడ్డిపోచైనా లేని ఎర్రమట్టి పట్టీ కనిపిస్తుంది.

ఊరిని మిగిల్చిన అసిరమ్మ మాత్రం, ఆ వరద మరుసటేడు సర్పంచి ఎన్నికలో నిలబడి ఓడిపోయింది.