ఈకలు పీక్కున్న చిలక

అనగనగా ఒక రాజు. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో కొబ్బరికాయలు రాలేవి, ఆవలిస్తే కోట తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. అంతటి రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణభీముడు కొండని పిండి చేస్తాడు. రెండోవాడు గజభీముడు ఆ పిండితో రొట్టె కాల్చుకు తింటాడు. మూడోవాడైన మణిధరుడికి మాత్రం పేడ ఎత్తడం తప్ప ఏ విద్యా రాదు.

ఆ విద్య ఎలా అబ్బిందంటారా? పక్క రాజ్యపు రాజకుమారి తారావళి దిక్కులేని జంతువులకి ఒక సత్రం కట్టించింది. ముసలిదైందని సైన్యంలోంచి గెంటేసిన ఏనుగు, బరువు మోయట్లేదని ఉప్పు వర్తకుడు వదిలేసిన గాడిద, కుందేళ్లని చూసి జాలిపడుతోందని వేటగాడు తరిమేసిన కుక్క, ఇలా ఎవరికీ అక్కర్లేనివన్నీ అక్కడ మగపెళ్లివారిలా భోంచేసేవి. మణిధరుడు ఊరికే చూడ్డానికెళ్లి, నేనూ పనిచేస్తానన్నాడు. జీతమేమిస్తారని నోరుజారి అడిగితే, మోయగలిగినంత పేడ ఇస్తానంది తారావళి.

ఆమె పెట్టిన పనులు మూడు. ఏనుగుని తోమమంది, తోమాడు. గాడిద గిట్టలు చెక్కమంది, తన్నులు తిని చెక్కాడు. భయంతో మూలన నక్కిన కుక్క చేత అన్నం తినిపించమంది. అక్కడొచ్చింది చిక్కు. బతిమాలాడు, పాట పాడాడు. ఆ పాటకి కుక్క ఇంకా లోపలికి దూరింది.

“ఎదురుగా నిలబడితే దానికి నువ్వు యముడిలా కనిపిస్తావు రాకుమారా. వీపు తిప్పి కూర్చో. పళ్లెం పక్కన పెట్టుకో. రావాలనిపిస్తే అదే వస్తుంది,” అంది తారావళి.

కూర్చున్నాడు. ఎంతసేపంటే, అతని జుట్టులో పిచ్చుకలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకి పెళ్లిళ్లు కూడా చేశాయి. చివరికి మోచేతికి తడిముక్కు తగిలింది. అప్పుడూ వెనక్కి తిరగలేదు. ఆ వేళే తారావళికి అతని మీద మనసైంది.

ఇంతలో కరాళుడనే మాంత్రికుడు ఆమెని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల ఇనపకోటలో పెట్టాడు. పౌర్ణమిలోగా తనని పెళ్లాడకపోతే రాతిబొమ్మని చేస్తానన్నాడు. సత్రంలో జంతువులు మేత ముట్టడం మానేశాయి. మణిధరుడికీ ముద్ద దిగలేదు.

కరాళుడి ప్రాణం చిలకలో ఉందని లోకమంతటికీ తెలుసు, గొప్పగా చెప్పుకు తిరిగింది వాడేగా. పెద్దన్న కత్తితో వెళ్లాడు, చిన్నన్న వలతో వెళ్లాడు. వాళ్లని చూసి చిలక కెవ్వుమంది. కరాళుడు వచ్చి ఇద్దర్నీ గుమ్మడికాయలు చేసి పెరట్లో దొర్లించాడు.

ఇక మణిధరుడు ముసలి ఏనుగెక్కి బయల్దేరాడు. ఆ ఏనుగు ఆరు సముద్రాలు ఈదింది, ఏడోదాన్ని దాహమేసి తాగేసింది. కరాళుడు లేని వేళ చూసి కోటలోకి వెళితే బంగారు పంజరం, అందులో చిలక. పాపం, బెంగతో తన ఈకలు తనే పీక్కుని, పొట్టు తీసిన అల్లంముక్కలా ఉంది.

ఏనుగు కిటికీలోంచి తొండం పెట్టింది. “పీక నులిమెయ్ బాబూ. వాడి పీడా పోతుంది, అమ్మాయిగారూ మనింటికొస్తారు.”

మణిధరుడు పంజరంలో చెయ్యి పెట్టాడు. వేళ్ల కింద ఆ పిట్ట గుండె వడగళ్లవానలా కొట్టుకుంటోంది. తారావళి లేకపోతే తను బతకలేడు. కానీ దీన్ని చంపిన చేత్తో ఆమె చెయ్యి ఎలా పట్టుకుంటాడు? చెయ్యి వెనక్కి తీసేశాడు. తలుపు తెరిచే ఉంచి, జామపండు ముక్కలు పక్కన పెట్టుకుని, వీపు తిప్పి కూర్చున్నాడు. ఏనుగు తొండంతో నుదురు కొట్టుకుంది.

కరాళుడు వచ్చాడు. మంత్రదండం ఎత్తాడు, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఎందుకంటే అప్పుడే చిలక పంజరం దిగి ఒక ముక్క కొరికింది. నూరేళ్లుగా చప్పబడిన వాడి నాలుకకి తీపి తగిలింది. రెండో ముక్క తింది, వాడి కడుపు చల్లబడింది. మూడో ముక్క తిని మణిధరుడి భుజమెక్కి కళ్లు మూసుకుంది. వాడు దండం వదిలేసి అక్కడే కూలబడ్డాడు.

“నా ప్రాణం నాకిచ్చెయ్,” అన్నాడు గుసగుసగా.

“నేనేం పట్టుకోలేదు. పిలువు. వస్తే తీసుకో.”

పిలిచాడు. వాడి ప్రాణమే వాణ్ని చూసి మణిధరుడి చెవి వెనక దాక్కుంది. అంతటి మాంత్రికుడూ ఏడ్చాడు, చప్పుడైతే అది బెదురుతుందని నోట్లో గుడ్డ కుక్కుకుని మరీ ఏడ్చాడు.

“ఇది సత్రానికొస్తుంది. తారావళినీ మా అన్నల్నీ వదిలిపెట్టి నువ్వూ రా. దాన్ని మచ్చిక చేసుకోవడం నేర్పిస్తాను,” అన్నాడు మణిధరుడు.

వదిలాడు. తారావళి వచ్చి, మణిధరుడి భుజం మీద చిలకని చూసింది. “దీన్ని చంపి నన్ను విడిపించి ఉంటే, నీ మొహం చూసేదాన్ని కాదు,” అంది.

మర్నాడే సత్రంలో కరాళుడికి పేడగంప ఇచ్చారు.

పెళ్లినాడు తాళి కట్టే వేళకి పురోహితుడు మేళగాళ్ల కేసి చెయ్యెత్తాడు. కరాళుడు పందిట్లోకి మునివేళ్ల మీద వచ్చి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. వాడి తలపాగాలో చిలక నిద్రపోతోంది.

“ఇవాళే తనంతట తను వచ్చిందమ్మా,” అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా.

తారావళి తల ఊపింది. డోళ్లు ఆగాయి, సన్నాయిలు ఆగాయి, వంటశాలలో పులుసు కూడా ఉడకడం ఆపింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కళ్లతోనే తిట్టాడు. చిలక లేచేదాకా మణిధరుడు తాళిబొట్టు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

తర్వాత వాళ్లు ఎన్నేళ్లు ఏలారంటే, లెక్కపెట్టేవాళ్లే మూడు తరాలు మారారు. కథ గూటికి చేరింది, ఇక మీరు పక్కలకి చేరండి.