మడతల మిట్టకు ఆ పేరొచ్చిన కథ

పూర్వం, అమెరికా దక్షిణాదిలో బానిసత్వం పోయి ఒక తరం గడిచినా తెల్లవాళ్ళ కాలేజీ గుమ్మాలు నల్లవాళ్ళకి తెరుచుకోని రోజుల్లో, అక్కడి ఒక రాష్ట్రప్రభుత్వం ఎవరికీ పనికిరాని బురదమిట్ట ఒకటి చూపించి, ఇదే మీ కాలేజీ, ఇక్కడ వ్యవసాయం, కుట్టుపని, బట్టలుతకడం నేర్చుకోండి, అంతకుమించి ఏ పెద్ద చదువు చెప్పినా ఆరోజే తాళం వేస్తామని శాసనం చేసిందట. ఆ మిట్టకి పంతులమ్మగా వచ్చిన పుణ్యాత్మురాలు లూవీనియా. బానిసపిల్లగా పుట్టి, నానా తిప్పలు పడి రేఖాగణితం నేర్చుకుని, ఆ విద్య తనతోనే ఆగిపోతుందేమోనని బెంగపెట్టుకున్న మనిషి.

పలకలు కొనే దారిలేదు. ఊళ్ళో దొరల ఇళ్ళనుంచి ఉతకడానికొచ్చే మాసిన బల్లగుడ్డల్ని పొద్దున్నే తీగమీద వేసి, వాటిమీద బొగ్గుతో త్రికోణాలు గీసి పాఠం చెప్పేది. పాఠం అవగానే గంగాళంలో ముంచేసేది.

"మనకంటే ఈ గుడ్డలే ఎక్కువ చదువుకున్నాయి టీచరమ్మా" అనేది ఐడెల్లా అనే గడుసుపిల్ల.

"అవి ఉతికితే మర్చిపోతాయి. నువ్వు మర్చిపోకు."

త్రికోణంలో మూడు కోణాలూ కలిపితే ఒక సరళరేఖ అవుతుందన్న పాఠం మాత్రం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకి ఎక్కలేదు. ఆ పాఠం నడుస్తుండగానే ఒకనాడు చెప్పాపెట్టకుండా కాలేజీని తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు దిగాడు. లూవీనియా గుడ్డ లాగెయ్యబోయింది గానీ, ఆయన అప్పటికే దానిముందు నిలబడ్డాడు.

"ఏమిటీ గీతలు?"

ఐడెల్లా అందుకుంది. "మడత గుర్తులండి అయ్యగారూ. మాలాంటి మొద్దులకి గీత గీస్తేగానీ మడత కుదరదు."

"అయితే మడవండి, చూస్తాను."

మడత తప్పితే కాలేజీకి తాళమే. లూవీనియా ఆ చదరపు గుడ్డని బల్లమీద పరిచి, మూలకి మూల కలిపి త్రికోణం చేసింది. పైకొనని కిందంచు నడిమికి దించింది. అటుమూల, ఇటుమూల కూడా అక్కడికే తెచ్చింది. మూడు కొనలూ వెంట్రుకవాసి సందు లేకుండా ఒక్కచోట కలిశాయి. కింద అంచు దారం పట్టినట్టు తిన్నగా ఉంది. అంతవరకూ అర్థంకాని పాఠం కళ్ళముందు విచ్చుకునేసరికి పిల్లలందరూ ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. మడత అందానికే మురిసిపోయారనుకున్నాడు ఆయన.

"మా ఇంట్లో ఎవరికీ ఇంత బాగా రాదు. ఇది రోజూ గంటసేపు నేర్పాలి."

"రోజూనా అండీ?" అంది లూవీనియా తలొంచుకుని.

"రోజూ. ఇది నా ఆజ్ఞ."

"గుండ్రటి గుడ్డలు కూడా ఉన్నాయండి" అంది ఐడెల్లా.

"వాటికి ఇంకో గంట."

అలా ప్రభుత్వాజ్ఞతోనే అక్కడ రేఖాగణితం వెలిసింది, ఆ మిట్ట మడతల మిట్ట అయింది. ఆ శాసనం ఏనాడో కొట్టుకుపోయింది. నర్సుల్నీ, ఇంజనీర్లనీ, జడ్జీల్నీ కన్న మహావిశ్వవిద్యాలయం ఇప్పుడది. అన్ని రంగులవాళ్ళూ వచ్చి చదువుకుంటారు. మొదటి సంవత్సరం టైంటేబుల్లో రేఖాగణితం పేరు మాత్రం నేటికీ "బట్టల మడత" అనే ఉంటుంది. అది చూసి, నా బిడ్డని బట్టలు మడవడానికా పంపించానని ఏటా ఎవరో ఒక తండ్రి పోట్లాటకొస్తాడు. అక్కడి పంతుళ్ళు ఓ చదరపు గుడ్డ తెచ్చి, రెండో కొస ఆయన చేతికిచ్చి, కాస్త పట్టుకోండి అంటారు.