ఎవరూ కూర్చోని బల్ల

చింతలదిన్నె సంస్థానాన్ని ఏలే బసవభూపాలుడికి ఏదైనా బుద్ధి పుట్టిందంటే వెంటనే జరిగిపోవాలి. ఒకరోజు మేడ మీంచి చూస్తే, అర్జీలు పట్టుకొచ్చిన జనం కోట గుమ్మం ముందు మట్టిలో గొంతుక్కూర్చుని కనిపించారు. వాళ్ళకి చెక్క బల్లలు వేయించాలనుకున్నాడు. ఉత్త బల్లలు కాదు, వాటిలో సంస్థానపు వారసత్వం కనిపించాలి.

ఆస్థాన శిల్పి కంఠీరవాచార్యులు ఆ పని తనదేనన్నారు. కూర్చునే వస్తువు కాబట్టి తానూ ఒకటి చేస్తానన్నాడు కోట వడ్రంగి మౌనయ్య. ఆచార్యులకి ఒళ్ళు మండింది. ఓడినవాడు కోటలో ఇల్లు ఖాళీ చెయ్యాలని పందెం పెట్టించారు. మౌనయ్యది తాతల నాటి ఇల్లు. అందులో ఏడుగురు మనుషులూ ఒక చూడి ఆవూ ఉన్నారు. భయం వేసింది గానీ ఒప్పుకున్నాడు.

నెల తిరిగేసరికి రెండు బల్లలూ గుమ్మం ముందుకొచ్చాయి.

ఆచార్యులది టేకు బల్ల. నిజం చెప్పాలంటే అద్భుతం. కూర్చునే పలక నిండా రాజవంశమే. తాతగారి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మౌనయ్యది వేపచెక్క. మోకాలెత్తు, బాసింపట్టు వేసుకునేంత వెడల్పు, వాననీళ్ళు కారిపోవడానికి చెక్కల మధ్య వేలెడు సందు. బొమ్మ అన్నది లేదు.

"ఇందులో మన వారసత్వం ఏదయ్యా?" అన్నాడు రాజు.

"మన ఊళ్ళో ప్రతి ఇంటికీ వీధి అరుగుంది ప్రభూ. ఊరూ పేరూ అడక్కుండా ఎవరినైనా కూర్చోనిస్తాం. ఇది ఆ అరుగు కొలతే."

రాజుకి అదంతగా ఎక్కలేదు. మూడు రోజులు చూద్దామన్నాడు.

మొదటిరోజు జనం ఆచార్యుల బల్ల ముందు చెప్పులు విడిచి దణ్ణాలు పెట్టారు. రెండోరోజు పసుపు కుంకుమలు పడ్డాయి. మూడోరోజు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. మౌనయ్య బల్ల మీద ఒకాయన గురక పెట్టాడు. ఇద్దరు ముసలమ్మలు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కోడళ్ళని తిట్టుకున్నారు.

తన బల్లకి పూజలు జరుగుతున్నాయని ఆచార్యులు విన్నవించుకున్నారు. రాజు మొహం వెలిగిపోయింది. సామాను సర్దుకోమని మౌనయ్యతో అన్నాడు.

మౌనయ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"అలాగే ప్రభూ. పొద్దుటినుంచీ నిలబడి ఆచార్యులవారికి కాళ్ళు పీకుతుంటాయి. వారి బల్ల మీదే కాసేపు కూర్చోమని సెలవియ్యండి. అది చూసి వెళ్ళిపోతాను."

అదెంతసేపు, కూర్చోమన్నాడు రాజు.

ఆచార్యులు ఉత్తరీయం సర్దుకుని, బల్లకి వీపు తిప్పి, వంగబోతూ వెనక్కి చూసి ఆగారు. కింద తాతగారు మీసం దువ్వుతున్నారు. ఎడమకి జరిగారు. అక్కడ నాయనమ్మగారు తులసికి నీళ్ళు పోస్తున్నారు. కుడికి జరిగారు. అక్కడ ఉయ్యాల్లో పసివాడిగా సాక్షాత్తూ బసవభూపాలుడే. పెద్దయిన బసవభూపాలుడు ఎదురుగా నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"నాకు నిలబడటమే అలవాటు ప్రభూ," అన్నారు ఆచార్యులు.

రాజు వెళ్ళి, ముసలమ్మలని కాస్త జరగమని, మౌనయ్య బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. అలాంటివి మరో నలభై చెయ్యమనీ, ఇల్లు మౌనయ్య పేర శాశ్వతంగా రాసిమ్మనీ అక్కణ్ణించే ఆజ్ఞ ఇచ్చాడు.

ఆచార్యులు ఇంకా నిలబడే ఉన్నారు. సామాను రేపు సర్దుకోవచ్చు, ముందు కూర్చోమని మౌనయ్య తన బల్ల చివర చోటు చూపించాడు.

ఆచార్యులు కూర్చున్నారు.