ముల్లు లేని చేప ఉండలు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రాజెవరు, మంత్రెవరు అని అడక్కండి. మన కథకి వాళ్లతో పని లేదు. మన కథంతా ఆ అడవిలో వాగొడ్డున ఉండే పిల్లులది. మధ్యలో లేచిపోయేవాళ్లు ఇప్పుడే పోండి. ఉన్నవాళ్లు బుద్ధిగా వినండి. ఇది నవ్వొచ్చే కథ కాదు, ముందే చెబుతున్నా.

ఆ పిల్లులన్నిటికీ పెద్ద మీసాలవ్వ. దాని కూతురు కాటుక, నల్లగా నిగనిగలాడే పిల్లి. కాటుకకి ఒక్కగానొక్క కూన. ఒళ్లంతా తెలుపు, నుదుట నల్లచుక్క. అందుకే దాని పేరు చుక్కి. అబ్బో, దాని కళ్లు చూడాలి! గడ్డిలో తూనీగ రెక్క కదిలితే చాలు, టక్కున కనిపెట్టేసేది. ఎగిరి పట్టేసేది. పట్టిన తూనీగని తెచ్చి అవ్వ ముందు పెట్టి, "చూశావా అవ్వా!" అనేది.

"చూశానే నా తల్లీ" అని అవ్వ మురిసిపోయేది.

ఆ పిల్లుల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త తిండి ఏది వచ్చినా ముందు పెద్దపిల్లి వాసన చూడాలి. వాసన చూసి తోక నిలువునా ఎత్తిందా, అందరూ తినొచ్చు. తోక దించిందా, ఎవరూ ముట్టకూడదు. ఎన్నో ఏళ్లుగా మీసాలవ్వ తోకే అందరికీ దారి. విషప్పుట్టగొడుగు తిన్న ఎలుకని ఆమడ దూరం నుంచే కనిపెట్టిన ముక్కు దానిది.

కానీ ఒక సంగతి ఎవరికీ తెలీదు. ముసలితనం వచ్చి అవ్వ ముక్కు మొద్దుబారిపోయింది. ఒకరోజు పక్కనే ఉన్న కప్ప వాసన కూడా తెలీలేదు. ఆ సంగతి అవ్వ కూతురికి కూడా చెప్పలేదు. చెబితే పెద్దరికం పోతుందని భయం.

ఇంతలో ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగు సన్నబడిపోయింది. ఎలుకలు మూటాముల్లే సర్దుకుని కొండ అవతలకి మకాం మార్చేశాయి. పాపం, పిల్లుల కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి గానీ, బయట వెతికితే ఒక్క ఎలుకా లేదు.

చేపలు లేకపోలేదు. లోతు మడుగు దగ్గర కొంగ అమ్ముతోంది. కానీ కొంగ దగ్గర ఒక్క చేప కావాలంటే పొద్దస్తమానం దాని గూటికి పుల్లలు ఏరాలి. కూనలున్న తల్లులు పుల్లలే ఏరుతూ కూర్చుంటే కూనల్ని ఎవరు చూస్తారు?

అలాంటి రోజుల్లో వాగొడ్డున ఒక కొత్త కొట్టు తెరిచారు. పెట్టింది నున్నయ్య. నున్నయ్య ఒక నీటికుక్క. పేరుకే కుక్క, నీళ్లలో ఈదుతూ చేపలు పట్టుకుని బతికే జంతువు అది. ఇంట్లో తయారుచేసిన ఉండల్ని మోదుగాకు దొప్పల్లో పోసి వరసగా పేర్చాడు.

"రండమ్మా రండి! పిల్లులకి ప్రత్యేకం, మా కొట్టు చేప ఉండలు! గుప్పెడు ఎండుగడ్డి ఇస్తే దొప్పెడు ఉండలు! పిల్లల గొంతుకి అడ్డం పడకుండా ముల్లు లేకుండా చేసినవి!" అని కేకలు వేశాడు.

గుప్పెడు గడ్డికి దొప్పెడా! పిల్లులన్నీ పరుగెత్తుకొచ్చాయి. కానీ ఏ పిల్లీ ముట్టలేదు. అన్నీ దారి వదిలి అవ్వ కోసం నిలబడ్డాయి. వెనకాల కూనలు "ఆకలమ్మా, ఆకలి" అని ఏడుస్తున్నాయి.

మీసాలవ్వ వచ్చింది. దొప్ప మీదికి వంగింది. గుప్పుమని చేప వాసన కొట్టింది. ఎన్నాళ్లకో ఒక వాసన ముక్కుకి తెలిసేసరికి అవ్వకి ప్రాణం లేచొచ్చింది. 'నా ముక్కు ఇంకా పనిచేస్తోంది!' అనుకుని సంబరపడిపోయింది.

అప్పుడు చెట్టు మీంచి కాకి అంది, "అవ్వా, తప్పుగా అనుకోకు. ఒకటి విరిచి చూడరాదూ? చవకైనంత మాత్రాన చెడ్డదని నేననను. కానీ లోపలేముందో చూస్తే పోలా?"

విరవొచ్చు. ఎంతసేపు పని? కానీ ఇన్నేళ్లలో ఏనాడూ విరిచి చూడని పిల్లి ఇవాళ విరిస్తే అందరూ ఏమనుకుంటారు? అవ్వ ముక్కు పోయిందనుకోరూ?

"నాకు ముక్కు లేదనుకున్నావా? చెత్తకుప్పలు కెలికేదానివి, నువ్వా నాకు చెప్పేది!" అని కాకి మీద ఇంతెత్తున లేచింది.

నున్నయ్య మాత్రం తల దించుకుని నిలబడ్డాడు. అవ్వ అటు చూడలేదు.

అవ్వ తోక ఎత్తింది. నిలువునా, జెండాలాగా ఎత్తింది. పిల్లులన్నీ 'మ్యావ్' మని దొప్పల మీద పడ్డాయి. కూనల ఏడుపు ఆగింది. "నీ కడుపు చల్లగుండ అవ్వా!" అని తల్లులందరూ దండాలు పెట్టారు.

ఆ రోజు నుంచి కాటుక పొద్దున్నే బల్లుల వేటకి కొండ మీదికి పోయేది. చీకటి పడ్డాకే వచ్చేది. చుక్కిని అవ్వే చూసుకునేది. అవ్వకి మనవరాలంటే ఎంత ప్రాణమంటే, తన వాటా ఉండలు కూడా దానికే పెట్టేది. "నాకు ఆకలి లేదమ్మా, నువ్వు తిను" అనేది. అబద్ధం! కడుపు మాడుతూనే ఉంది.

కొన్నాళ్లకి ఉడుత వచ్చింది. "అవ్వా, నిన్న ఒక ఉండ కింద పడింది. చీమలొచ్చాయి, చుట్టూ తిరిగాయి, వెళ్లిపోయాయి. చేప పడితే చీమలు వదులుతాయా? ఒకటి కొరికి చూడనా?" అంది.

"చీమల్ని అడిగి తినే గతి పిల్లులకి ఇంకా పట్టలేదులే. నీ పని నువ్వు చూసుకో" అంది అవ్వ. ఉడుత చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

ఇంకొన్నాళ్లకి చుక్కి అడిగింది. తింటూ తింటూ ఆగి, తల పైకెత్తి అడిగింది.

"అవ్వా, చేపకి ముల్లుంటుంది కదా. అమ్మ ఒకసారి కొంగ దగ్గర తెచ్చిన చేపలో ఉంది. ఇందులో ఒక్కటీ తగల్లేదేం?"

"ముల్లు తీసేసి చేశారే పిచ్చితల్లీ. అదే దీని గొప్ప."

"ఇన్ని ఉండల్లో, చిన్నది కూడానా?"

అవునే, ఎంత ఏరినా చేపలో ఒక చిన్న ముల్లయినా మిగలదూ? అవ్వకి ఆ ఆలోచన వచ్చింది. ఎదురుగా ఉండ ఉంది. గోటితో గీస్తే చాలు, విడిపోతుంది. కానీ లోపల చేప లేకపోతే? తోక ఎత్తింది తనే. ఇప్పుడు తప్పని తేలితే అన్ని తల్లుల ముందు తలెలా ఎత్తుకోవాలి?

"ప్రశ్నలు మాని తిను" అంది అవ్వ. చుక్కి తినేసింది. అవ్వ చెప్పిందిగా మరి!

అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు, ఈ కథ చెప్పినప్పుడల్లా. ఆగలేదు. ఏం చేస్తాం?

ముందు చుక్కి బొచ్చు రాలింది. "ఎండలకి అంతే" అంది అవ్వ. తర్వాత ఆటలు మానేసి ఒక మూల ముడుచుకుని పడుకోవడం మొదలెట్టింది. "ఎదిగే వయసు" అంది అవ్వ. ఒక సాయంత్రం కాటుక తొందరగా ఇంటికొచ్చింది. గడ్డిలో ఎర్ర తూనీగ వాలి ఉంది.

"చుక్కీ, అదిగో తూనీగ! పట్టు!" అంది కాటుక ముచ్చటగా.

చుక్కి దూకింది. తూనీగ ఒకవైపుంటే అది ఇంకోవైపు దూకింది. పోయి మోడుకి ధడేలున కొట్టుకుంది. లేచి అటూ ఇటూ తల తిప్పి, "ఎక్కడమ్మా? ఎక్కడుంది?" అంది. తూనీగ దాని మూతి ముందే ఎగురుతోంది.

కాటుక కూతుర్ని దగ్గరికి లాక్కుని కళ్లలోకి చూసింది. నిప్పుకణాల్లా ఉండే కళ్లు మసకబారిపోయాయి. కాటుక తల్లి వైపు తిరిగింది. అరవలేదు. మెల్లగా అడిగింది.

"అమ్మా, ఒక్కటి చెప్పు. ఆ ఉండల్ని నువ్వెప్పుడైనా విరిచి చూశావా?"

మీసాలవ్వ గోటితో దొప్పలోంచి ఒక ఉండ తీసి విరిచింది. లోపల చింతపిక్కల పిండి, వెదురుబియ్యం నూక. రెండోది విరిచింది. పిండి, నూక. దొప్పలో ఉన్నవన్నీ విరిచింది. చేప ముక్క కాదుగదా, పొలుసు కూడా లేదు. పైన పటారం, లోన లొటారం! చేప వాసన మాత్రం గుప్పుమంటూనే ఉంది.

అవ్వ పిచ్చిదానిలా కొట్టుకి పరుగెత్తింది. "ఓరి పాపిష్టివాడా! పసిపిల్లలకి పిండి పెట్టావు కదరా!" అని నున్నయ్య మీద పడింది.

నున్నయ్య తప్పించుకోలేదు. "నిజమే అవ్వా. వాగెండిపోయి నాకు దొరికే నాలుగు చేపలూ నా పిల్లలకే చాల్లేదు. వాటిని కడిగిన నీళ్లతో పిండి కలిపాను. మొదటిరోజు భయం భయంగానే పెట్టాను. నువ్వు ఒకటి విరిచి ఛీ అంటే కొట్టు ఎత్తేద్దామనుకున్నాను. నువ్వు తోక ఎత్తావు. అంత పెద్దపిల్లే బాగుందంటే ఇందులో తప్పేముందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను" అని ఏడ్చాడు.

తిలాపాపం తలా పిడికెడు. అవ్వ పైకెత్తిన పంజా మెల్లగా దించేసింది.

తర్వాత చేయాల్సిందంతా చేశారు. అవ్వ అందరి ముందూ నిలబడి, "నా ముక్కు ఎప్పుడో పోయింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను. తినకండమ్మా" అని చెప్పింది. మిగతా కూనలు తల్లులు తెచ్చిన బల్లులూ తొండలూ కూడా తిన్నాయి కాబట్టి తేరుకున్నాయి. చుక్కి ఒక్కతే ఉండలు తప్ప ఇంకేమీ తినలేదు. చీకటి పడ్డాక కాటుక బల్లులు తెచ్చేసరికి అది కడుపు నిండి నిద్రపోయేది. తన వాటా, అవ్వ వాటా, రెండూ దాని కడుపులోకే పోయాయి.

ముసలి అవ్వ పొద్దస్తమానం పుల్లలు ఏరి కొంగ దగ్గర చేపలు తెచ్చింది. కొంగ జాలిపడి పుల్లలు తీసుకోవడం కూడా మానేసింది. "పిల్లి కంటికి సత్తువ మాంసం నుంచే రావాలవ్వా. ఎంత పిండి తిన్నా ఆ సత్తువ రాదు. పోయింది తిరిగొస్తుందని మాత్రం చెప్పలేను" అంది కొంగ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? చుక్కి బొచ్చు తిరిగొచ్చింది. ఒంట్లోకి బలం వచ్చింది. చూపు మాత్రం రాలేదు.

మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. వాగు నిండింది. చిన్నచేపలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. నున్నయ్య మళ్లీ ఉండలు చేశాడు. ఈసారి చేపలతోనే. ధర అదే, గుప్పెడు గడ్డి. మొదటి దొప్ప తెచ్చి అవ్వ కాళ్ల దగ్గర పెట్టాడు.

అవ్వ ప్రతి ఉండనీ విరిచింది. అన్నిట్లోనూ తెల్లగా చేప. అయినా తోక ఎత్తలేదు. నెల రోజులు తనొక్కతే తింది, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. బొచ్చు రాలలేదు, నీరసం రాలేదు. అప్పుడు తెచ్చి చుక్కి ముందు పెట్టింది. "విరిచి చూశానమ్మా. తిని కూడా చూశాను" అంది.

చుక్కి ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. టక్కున ఆగింది. నాలుకతో వెతికి సన్నటి ముల్లొకటి బయటికి తీసింది. దాని ముఖం వెలిగిపోయింది.

"ముల్లు తగిలింది అవ్వా! ఇది చేపే! చూశావా అవ్వా!"

ఆ మాట అంటూ సంతోషంగా అవ్వ వైపు తిరిగాననుకుంది. కానీ అవ్వ ఇటుంది. చుక్కి అటు తిరిగి నవ్వుతోంది.

"చూశానే నా తల్లీ" అంటూ మీసాలవ్వ గబగబా లేచి, చుక్కి ముఖం ఎటు తిరిగి ఉందో అటు వెళ్లి కూర్చుంది.

నీతి: నలుగురు నీ మాట నమ్మి తినేదాన్ని విరిచి చూడకుండా మెచ్చుకోకు, తప్పు ఒప్పుకుంటే పోయేది పరువే, ఒప్పుకోకపోతే పోయేది తిరిగి రాదు.