ఎదురు కర్ర

ఆపరేషను చేసి మోకాలి కీలు మార్చి మూడు రోజులైంది. వేదవల్లి కాలు మాత్రం మంచం మీద చాపింది చాపినట్టే ఉంది.

"నొప్పి పదికి ఎంత ఉందమ్మా?" అని నర్సు సుకన్య పూటపూటా వచ్చి అడుగుతుంది.

"సున్నా తల్లీ. రామయ్య దయ," అంటుంది వేదవల్లి, దుప్పటి అంచు పిడికిట్లో బిగబట్టి.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. నలుగురు పిల్లల్ని కన్నప్పుడు కూడా గోడ అవతలికి మూలుగు వినపడనివ్వలేదని చుట్టాల్లో పేరు. దేవుణ్ణి తలుచుకునే నోటితో నొప్పి అనడం ఆవిడకి చిన్నతనం. నొప్పి మాత్ర ఇస్తే అక్కర్లేదనేది. కాలు వంచమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చి, "రేపు చూద్దాంలే" అని తప్పించుకునేది.

"ఇలాగే ఉంచితే మోకాలు బిగుసుకుపోతుందమ్మా," అని ఆ ఉదయం డాక్టరు గట్టిగానే చెప్పి వెళ్లాడు. వేదవల్లి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. శ్రీరామనవమి ఆరు నెలల్లోకొచ్చింది. ముప్పై ఏళ్లుగా కల్యాణ పందిట్లో కోలాటానికి ముందు నిలబడేది తనే.

మధ్యాహ్నం మంగతాయారమ్మ వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరికీ కోలాటం నేర్పిన గురువు. ఎనభై నాలుగేళ్లు. చేతిసంచిలో రెండు జతల కర్రలు.

"ఎలా ఉందే?"

"నొప్పేం లేదు గురువుగారూ."

"అయితే కర్రలు పట్టు."

ఒక జత వేదవల్లి చేతిలో పెట్టి, మంగతాయారమ్మ నోటితో తాళం అందుకుంది. కర్రకి కర్ర తగిలి వార్డంతా టకటకమంది. పక్క మంచం పెద్దావిడ తొడ మీద చేత్తో తడుతూ తాళం కలిపింది. వేదవల్లి ముఖం విచ్చుకుంది.

అంతలో మంగతాయారమ్మ తన కర్ర వెనక్కి లాగేసుకుంది. వేదవల్లి కర్ర గాల్లో కొట్టింది. మళ్లీ చాచింది. మళ్లీ గాలే. మూడోసారీ అంతే.

"ఇదేం ఆట గురువుగారూ? నేను కర్ర చాస్తే మీరు ఎదురివ్వరేం?"

మంగతాయారమ్మ గుమ్మం వైపు చూసింది. వచ్చేటప్పుడు సంగతంతా ఆవిడకి చెప్పిన సుకన్య కాగితాల అట్ట పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"ఆ పిల్ల మూడు రోజుల్నుంచి గాల్లోనే కొడుతోందే," అంది మంగతాయారమ్మ.

సుకన్య దగ్గరికొచ్చి, ఎప్పటిలాగే అడిగింది. "పదికి ఎంతమ్మా?"

వేదవల్లి పిడికిట్లోని కర్రలు మెల్లగా ఒళ్లోకి జారాయి.

"ఎనిమిది," అంది వేదవల్లి. "తొమ్మిదే అనుకో తల్లీ."

డాక్టరుని అడిగి సుకన్య మాత్ర తెచ్చింది. ఈసారి వేదవల్లి కళ్లకద్దుకుని మింగింది. గంట గడిచాక మంచం అంచున కూర్చోబెట్టి, సుకన్య మడమ కింద చెయ్యి వేసి మెల్లగా వంచింది. మోకాలు వంగింది.

"అమ్మో," అంది వేదవల్లి, పక్క వార్డుకి కూడా వినపడేట్టు. అని, నవ్వేసింది.

మంగతాయారమ్మ తన కర్రతో వేదవల్లి కర్రకి టక్కున ఎదురిచ్చింది.